మీట ఎవరి చేతిలో ఉంది?

1991లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో జరిగిన ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవం కోసం లెటీషియా సోనామీ తయారుచేసుకున్న వాద్యం ఒక జత రబ్బరు చేతితొడుగులు. గిన్నెలు తోమేటప్పుడు వేసుకుంటారే, అవే. ఒక చేతి వేళ్ళ చివర్లకి అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న సెన్సర్లు అంటించింది. రెండో చేతికి అయస్కాంతం పెట్టుకుంది. వేలు అయస్కాంతానికి దగ్గరైతే ఒక సంకేతం, దూరమైతే ఇంకో సంకేతం. ఆ సంకేతాలు తీగల మీదుగా సింథసైజర్‌ని చేరి శబ్దాలవుతాయి. ఈ వాద్యానికి ఆమె పెట్టిన పేరు ‘లేడీస్ గ్లవ్’.

ఆ రోజుల్లో కంప్యూటర్ ప్రపంచం చేతికి తొడుక్కునే పరికరాల మోజులో ఉంది. ‘పవర్ గ్లవ్’, ‘డేటా గ్లవ్’ అనే పేర్లు వింటేనే ఉక్కు కవచాలు గుర్తొస్తాయి. ఎవరినో కొట్టడానికి బయల్దేరినట్టుండే ఆ మగ తొడుగుల పక్కన సోనామీ అంట్ల దగ్గరి తొడుగు తెచ్చి పెట్టింది. హాస్యానికే మొదలుపెట్టినా పని మాత్రం హాస్యంగా చెయ్యలేదు. ఏళ్ళ తరబడి దాన్ని మార్చుకుంటూ పోయింది. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ స్టూడియోలో బెర్ట్ బోంగర్స్‌తో కలిసి చేసిన తొడుగు నల్లని పల్చటి లైక్రా. వేలు ఎంత వంగింది, ఎంత నొక్కింది, చెయ్యి ఎంత దూరంలో ఉంది, దాని మీద వెలుగు ఎంత పడుతోంది అన్నీ అది కనిపెట్టగలదు. ఆమె వాయిస్తుండగా తీసిన వీడియో చూస్తే వాద్యం వాయిస్తున్నట్టుండదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు, పిల్లకి జడ విడదీస్తున్నట్టు, చీకట్లో స్విచ్చు కోసం గోడ తడుముతున్నట్టు ఉంటుంది.

నేను ఆ వీడియో మొదటిసారి చూసింది థీసిస్ రాసే రోజుల్లో. నా పని స్త్రీల దంపుడు పాటల మీద. రోకలి పట్టిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పాటలు రాసుకునేదాన్ని. ఒకామె పాట చెప్పడం ఆపి, “నువ్వు రాస్తున్నది పాట కాదమ్మా, మాటలు. సువ్వి అనేది మాటా? రోకలి దించినప్పుడు లోపల్నించి వచ్చే ఊపిరి గదా” అంది. ఇంటికొచ్చి నా నోటు పుస్తకం చూసుకున్నాను. మొదటి చరణం తర్వాత ‘సువ్వి’ అని ఒకసారి రాసి, మిగతా చోట్ల రెండు నిలువు గీతలు గీసి వదిలేశాను. నాకు ముందు పాటలు సేకరించిన పండితులు వేసిన పుస్తకాల్లోనూ అదే పద్ధతి. మాటలు మొత్తం ఉంటాయి, ఊపిరి మాత్రం గీతలకింద పోతుంది. సోనామీ చేతులు చూసినప్పుడు నాకు ఆ ముసలామె గుర్తొచ్చింది. పని చేసే ఒంట్లోంచి శబ్దం పుడుతుందనీ దాన్ని ఎవరో ఒకరు రాసుకుంటారనీ ఎలా రాసుకోవాలో వాళ్ళే నిర్ణయిస్తారనీ అప్పుడు తట్టింది. అప్పట్నించి శరీరాన్ని వాద్యంగా వాడే కళ మీద దొరికినదల్లా చదువుతూ, వింటూ వచ్చాను.

చదివేకొద్దీ ఒక మాట దగ్గర చికాకు మొదలైంది. ‘శరీరమే వాద్యం’ అన్న మాట. ఈ కళ గురించి రాసే ప్రతివాళ్ళూ పరవశంతో ఆ మాట అంటారు. ఇందులో కొత్తేమీ లేదు. ఐతరేయ ఆరణ్యకంలోనే మనిషి శరీరం దైవ వీణ అనీ, మనుషులు చేసుకున్న వీణ దానికి నకలు అనీ ఉంది. దీనికి తల ఉన్నట్టే దానికీ తల, దీనికి పొట్ట ఉన్నట్టే దానికీ గుల్ల, దీని వేళ్ళకి బదులు దాని తీగలు. నారద శిక్ష కూడా దారవి, గాత్ర అని రెండు వీణలు చెబుతుంది. ఒకటి కొయ్యది, ఒకటి ఒంటిది. సామగానం చేసేవాడు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తాకుతూ స్వరాలు గుర్తుపెట్టుకుంటాడు. అంటే అతని చెయ్యే అతని వీణ. ఎంత అందమైన ఊహో! కానీ ఆ చెయ్యి ఎవరిది కావచ్చో, ఎవరిది కాకూడదో తర్వాత వచ్చిన ధర్మశాస్త్రాలు ఖాయం చేశాయి. స్త్రీలకీ శూద్రులకీ ఆ వీణ లేదు. ఒంట్లో ఉన్న వీణని ఒంట్లోనే ఉంచి మీటకూడదన్నారు.

తెలుగులో వీణని మీటుతాం. కరెంటు స్విచ్చుని మీట అంటాం. ఒక మాటలో వేలు ఉంది, ఇంకో మాటలో వేలు పడే చోటు ఉంది. శరీరం వాద్యమైనప్పుడు వేలెవరిది, మీట ఎక్కడుంది అన్నవి రెండూ అడగాలి. పరవశంలో ఉన్నవాళ్ళు రెండూ అడగరు.

ఈ కళలో తొలినాళ్ళ గొప్ప పని అని చెప్పుకునేది ఆల్విన్ లూసియర్ 1965లో చేసిన ‘మ్యూజిక్ ఫర్ సోలో పెర్ఫార్మర్’. అమెరికాలోని బ్రాండైస్ యూనివర్సిటీ రోజ్ ఆర్ట్ మ్యూజియంలో అతను తలకి ఎలక్ట్రోడ్లు కట్టుకుని కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. మెదడులో పుట్టే ఆల్ఫా తరంగాలు సెకనుకి 8 నుంచి 12 సార్లు ఊగుతాయి. మన చెవి సుమారు 20కి తక్కువైతే వినలేదు. అందుకని ఆ తరంగాలని బాగా పెంచి స్పీకర్లలోకి పంపి, ఆ స్పీకర్ల అదురుకి పక్కనున్న డ్రమ్ములూ, తాళాలూ, గంటలూ మోగేట్టు చేశాడు. చెయ్యి ఎత్తకుండా గది నిండా సంగీతం!

ఇందులో నన్ను పట్టుకున్న సంగతులు రెండు. మొదటిది, జనం విన్నది మెదడుని కాదు, డ్రమ్ముని. మెదడు చప్పుడు చెయ్యదు. దాని ఊపుని ఏ వాద్యానికి తగిలించాలో ఒక మనిషి కూర్చుని నిర్ణయించాడు. గంటకి బదులు కుక్కర్ మూత పెడితే అతని మెదడు కుక్కర్ మూతలా మోగేది. రెండోది ఇంకా వింత. ఆల్ఫా తరంగాలు రావాలంటే కళ్ళు మూసుకోవాలి, దేన్నీ ఊహించకూడదు. ఏదైనా బొమ్మ మనసులో మెదిలిందా, తరంగాలు పోతాయి, సంగీతం ఆగిపోతుంది. ఆలోచించని శరీరమే మోగుతుందన్నమాట. మన పెద్దలు మెచ్చే ఇల్లాలి వర్ణన ఇంతకన్నా వేరుగా ఉంటుందా అని నవ్వొచ్చింది నాకు. కానీ మళ్ళీ ఆలోచిస్తే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఈ వాద్యం ఆలోచించి సంగీతాన్ని ఆపగలదు. కుర్చీలో కూర్చున్నవాడికి తన శబ్దాన్ని కాదనే దారి ఒకటి మిగిలి ఉంది. అతను తనమీద తనే కట్టుకున్న తీగలవి. ఆ తేడా ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియలేదు.

సంగీతం చెప్పే నా స్నేహితురాలు ఒకామె ఈ మాటలు విని ఒప్పుకోలేదు. “ఏ వాద్యమైనా అనువాదమేగా. నా గొంతు మాత్రం? పదేళ్ళు సాధన చేసి, మా గురువుగారు చెప్పినట్టు మలుచుకున్న గొంతు. దీన్ని నా సహజమైన గొంతు అంటావా? నువ్వు లేని స్వచ్ఛతని వెతుకుతున్నావు” అంది. ఆమె అన్నది నిజమే. అనువాదం తప్పు అని నేను అనను, సాహిత్యం చదువుకున్నదాన్ని ఎలా అంటాను? సోనామీ కూడా తన వేలి వంపుకి ఏ శబ్దం తగిలించాలో తనే ఎంచుకుంటుంది, రేపు మార్చుకుంటుంది, మార్చుకున్నానని చెబుతుంది. నాకు పేచీ అక్కడ కాదు. ఎవరో ఎంచి తగిలించిన చప్పుడుని పట్టుకుని ఇదిగో నీ శరీరం చెబుతోంది, విను అన్నప్పుడు పేచీ. అనువాదకుడి పేరు చింపేసి పుస్తకం చేతిలో పెట్టినట్టు.

ఇష్టపడి వాద్యమైతే సరిపోతుందా అన్నది ఆమె వేసిన ఇంకో ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ షార్లెట్ మూర్‌మన్ దగ్గరికి వెళ్ళాను.

మూర్‌మన్ జూలియార్డ్‌లో చదువుకున్న చెల్లో వాద్యకారిణి. న్యూయార్క్‌లో 1963 నుంచి 1980 దాకా పదిహేను సార్లు అవాంగార్డ్ ఉత్సవం నడిపిన నిర్వాహకురాలు. చరిత్రలో మాత్రం ఆమె పేరు పక్కన నామ్ జూన్ పైక్ పేరు లేకుండా కనిపించదు. ఇద్దరూ కలిసి చేసిన పనుల్లో 1965 నాటి ఫొటో ఒకటి చాలా చోట్ల అచ్చయింది. పైక్ చొక్కా లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని వీపు మీదుగా ఒక తీగ లాగి పట్టుకుని ఉంటాడు. మూర్‌మన్ అతన్ని చెల్లోలా ఒళ్ళోకి తీసుకుని కమానుతో ఆ తీగ మీద వాయిస్తుంటుంది. ఆ తీగ నుంచి పెద్ద సంగీతం వచ్చి ఉంటుందని నేను అనుకోను. కానీ అక్కడ వాద్యం మగవాడు, వాయించేది ఆడది. అసలు రచన జాన్ కేజ్‌ది. మూర్‌మన్ దాన్ని అలా వాయించడం అతనికి నచ్చలేదు. రచయితకి నచ్చకపోయినా ఆమె ఏళ్ళ తరబడి వాయిస్తూనే పోయింది.

రెండేళ్ళ తర్వాత, 1967 ఫిబ్రవరి 9న, పైక్ రచన ‘ఒపెరా సెక్స్‌ట్రానిక్’లో పై బట్ట లేకుండా వాయిస్తుండగా పోలీసులు వేదిక మీదికొచ్చి ఆమెని అరెస్టు చేశారు. పైక్‌నీ తీసుకెళ్ళారు. చివరికి అతని మీద కేసు పోయింది. ఆమెకి అసభ్య ప్రదర్శన నేరం కింద శిక్ష పడింది, అమలు నిలిపేశారు. రచన అతనిది, ఒళ్ళు ఆమెది. శిక్ష ఒంటికి. అప్పట్నించి పత్రికలు ఆమెని ‘టాప్‌లెస్ చెల్లిస్ట్’ అన్నాయి. 1991లో కేన్సర్‌తో పోయేదాకా ఆ పేరు వదల్లేదు. 1969లో పైక్ ఆమె కోసం చేసిన ‘టీవీ బ్రా’లో రెండు చిన్న టీవీలు ఆమె రొమ్ముల మీద ఉంటాయి. ఆమె చెల్లో వాయిస్తే ఆ శబ్దానికి తెరల మీది బొమ్మలు వంకర్లు పోతాయి.

ఆమె పైక్ చేతిలో వాద్యమా? అవునని రాసినవాళ్ళు ఉన్నారు, స్త్రీవాదుల్లోనూ ఉన్నారు. నేను చాలాకాలం అటే మొగ్గాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. టీవీ బ్రా వేసుకున్నా వాయించే కమాను ఆమె చేతిలోనే ఉంది. బొమ్మని వంకర తిప్పేది ఆమె. కమాను చేతిలో ఉన్న మనిషిని వట్టి ఒళ్ళుగా మార్చింది కోర్టు, పత్రికల శీర్షికలు, ఆమెని పైక్ కింద పద్దు రాసిన చరిత్రకారులు. ఇష్టపడి వాద్యమైతే సరిపోతుందా అన్న నా స్నేహితురాలి ప్రశ్నకి నాకు దొరికిన సగం జవాబు ఇది. మన ఇష్టం వేదిక వరకే. అది దాటాక మన ఒంటి చప్పుడుకి అర్థం రాసేది వేరేవాళ్ళు.

మిగతా సగం జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. అది చెప్పాలంటే ముందు కాగితం గొట్టం కథ చెప్పాలి.

1816లో పారిస్‌లో రెనె లెనెక్ అనే వైద్యుడి దగ్గరికి గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటి పద్ధతి వైద్యుడు రోగి ఛాతీకి చెవి ఆనించి వినడం. ఆమె వయసులో ఉన్న ఆడపిల్ల, పైగా లావుగా ఉంది. చెవి ఆనించడం మర్యాద కాదనుకున్న లెనెక్ ఒక కాగితాల దస్తా బిగించి గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీకి, రెండో కొస తన చెవికి పెట్టుకున్నాడు. నేరుగా చెవి పెట్టినప్పటికన్నా స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు అలా పుట్టింది. స్త్రీ శరీరం ముందు తన సంకోచంలోంచి ఒక మగవాడు కనిపెట్టిన శబ్ద పరికరం అది. 1819లో అతను వేసిన పుస్తకం వైద్య చరిత్రలో నిలిచిపోయింది. ఆ అమ్మాయి పేరు మనకి లేదు. ఆమెకి తన గుండె వినిపించారా అన్న ప్రశ్న కూడా ఎవరికీ రాలేదు.

కొద్ది ఏళ్ళలోనే అదే గొట్టంతో గర్భిణుల పొట్ట మీద విని లోపలి శిశువు గుండె చప్పుడు పట్టుకున్నారు. మన ఊళ్ళలో నర్సమ్మలు చాలాకాలం వాడిన గరాటు లాంటి ఫీటోస్కోపు దాని వారసురాలే. దాంతో వినగలిగేది ఒక్క చెవి. మోసే మనిషి చెవి మాత్రం అందదు, మెడ అంత వంగదు కదా. డాప్లర్ వచ్చాక ఆ చప్పుడు గది మొత్తానికి వినిపించసాగింది. చెవికందనంత పై స్థాయి తరంగాలని పొట్టలోకి పంపుతారు. కదిలే దేన్నైనా తాకి వెనక్కి వచ్చినవాటి స్థాయి కాస్త మారుతుంది. పంపినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా అదృష్టవశాత్తూ మన చెవికందే పరిధిలో పడుతుంది. స్పీకర్‌లో మనం వినేది ఆ తేడాని. గుండె చప్పుడు అంటాం గానీ అది లూసియర్ డ్రమ్ము లాంటిదే.

నాకు ఇదంతా అప్పటికే తెలుసు. తెలిసినా ఏమీ పనిచెయ్యలేదు. ఎనిమిదో వారంలో స్కానింగ్ బల్ల మీద పడుకున్నాను. ఒక పక్క నా సహచరుడు, కాళ్ళ దగ్గర మా అత్తయ్య. డాక్టరు ఎడమ చేత్తో ప్రోబ్ పట్టుకుని కుడి చేత్తో ఒక మీట తిప్పింది. గది నిండిపోయింది. “గుర్రం పరిగెత్తినట్టుందే!” అని అత్తయ్య ఏడ్చేశారు. సహచరుడు ఫోన్ తీసి రికార్డు చేశాడు. “వినిపించిందా అమ్మా?” అని డాక్టరు అడిగింది. ఆమె అడిగింది అత్తయ్యని. నాకు సంతోషం కలగలేదని కాదు, చాలా కలిగింది. దానితోపాటు ఒక చిన్న వింత భావం. నా ఒంట్లోంచి ఏదో మోగుతోంది, నేను తప్ప అందరూ దానికి శ్రోతలు. నన్నెవరూ అడక్కుండానే కచేరీ మొదలైంది.

పన్నెండో వారంలో అదే గది, అదే బల్ల. డాక్టరు ప్రోబ్‌ని అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు తిప్పింది. తెరని తనవైపు కొంచెం జరుపుకుంది. ఆ రోజు మీట తిప్పలేదు. నేను ఆమె కుడి చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి మీట దాకా వెళ్ళి, ఆగి, కీబోర్డు మీదికి వచ్చి ఏవో అంకెలు టైపు చేసింది. “మీవాళ్ళని లోపలికి పిలుస్తారా అమ్మా” అంది. అంత మెత్తగా ఆమె అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమెని తప్పుపట్టలేను. అది దయ. కానీ అప్పట్నించి ఆ రెండు రోజులనీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. చప్పుడు ఉన్నప్పుడు నన్ను అడక్కుండా వినిపించారు. లేనప్పుడు నన్ను అడక్కుండా ఆపారు. ఆ నిశ్శబ్దం కూడా నాదేగా, దాన్ని నాకు వినిపించి ఉండొచ్చు. వినాలని ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకోవాల్సింది మాత్రం నేను.

ఇది నా ఒక్కదాని దుఃఖమే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ మీట చుట్టూ చట్టాలున్నాయి. 2017లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అబార్షన్ కోరిన స్త్రీకి డాక్టరు ముందు స్కానింగ్ చెయ్యాలి, తెర మీద బొమ్మ చూపించాలి, అందులో ఏముందో వర్ణించాలి, గుండె చప్పుడు ఉంటే వినిపించాలి. ఇందులో ఒక వెసులుబాటు కూడా రాశారు. ఆమె కళ్ళు పక్కకి తిప్పుకోవచ్చు, సౌండు తగ్గించమనో ఆపేయమనో అడగొచ్చు! 2019లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఆ వెసులుబాటు చదివినప్పుడు నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. వాద్యం తన వాల్యూమ్ తగ్గించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవచ్చట. మీట ఎక్కడుందో ఇంత స్పష్టంగా రాసిన కాగితం నేను ఇంకోటి చూడలేదు.

2021 సెప్టెంబరు 1న టెక్సస్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ఇంకో అడుగు వేసింది. గుండె చప్పుడు కనిపించాక, అంటే దాదాపు ఆరో వారం నుంచి, అబార్షన్ కుదరదంది. చాలామందికి గర్భం వచ్చిందని తెలిసేసరికే ఆరో వారం వస్తుంది. ఆ దశలో కవాటాలున్న గుండె ఇంకా తయారవదనీ, ఉన్నది కణాల విద్యుత్ స్పందననీ, గదిలో వినిపించే ‘లబ్ డబ్’ యంత్రం తయారుచేసేదనీ ప్రసూతి వైద్యులు చెబుతూనే వచ్చారు. ఎవరు విన్నారు? 1965లో లూసియర్ తన మెదడుకి గంట తగిలించి ఇది సంగీతం అన్నాడు. టెక్సస్ శాసనసభ ఒక స్పందనకి యంత్రం చప్పుడు తగిలించి ఇది ప్రకృతి అంది. లూసియర్ తీగలు అందరికీ కనిపించేట్టు వేదిక మీదే ఉన్నాయి. 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుని అమెరికా సుప్రీం కోర్టు 2022 జూన్‌లో కొట్టేశాక ఆ తీగలు వెతికే తీరిక కూడా ఎవరికీ మిగల్లేదు.

మనకి ఆ చట్టం లేదు, నిజమే. మనకున్న చరిత్ర వేరు. ఆడపిల్లని తెలుసుకుని తీసేయడానికి వాడారని ఆ యంత్రం నోరు 1994 చట్టంతో కట్టాల్సి వచ్చిన దేశం మనది. అక్కడ వినిపించి తీరాలన్నారు, ఇక్కడ చెప్పకూడదన్నారు. రెండింటి కారణాలూ ఒకటి కావు, ఇక్కడిది అవసరం. అయినా రెండు చోట్లా బల్ల మీద పడుకున్న మనిషికి మీట అందే దూరంలో ఉండదు.

అందుకే నేను ఇప్పుడు ఈ కళలో పనులని ఒక మొండి ప్రశ్నతో చూస్తున్నాను. ఇందులో శరీరం ఊరుకోగలదా? సోనామీ చెయ్యి దించేస్తే శబ్దం ఆగుతుంది. లూసియర్ ఒక బొమ్మ ఊహించుకుంటే ఆగుతుంది. గుండెని వాడే పనుల్లో ఆ సౌకర్యం లేదు. జపాన్‌లోని తెషిమా ద్వీపంలో క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ 2010లో తెరిచిన ‘గుండె చప్పుళ్ళ భాండారం’ ఉంది. ప్రపంచమంతటా రికార్డు చేసిన గుండెలు అక్కడ దాచారు. చీకటి గదిలో ఒక బల్బు ఎవరిదో గుండె లయకి వెలిగి ఆరుతూ ఉంటుంది. వెళ్ళినవాళ్ళు తమ గుండె కూడా ఇచ్చి రావచ్చు. బోల్టాన్‌స్కీ 2021లో చనిపోయాడు, చప్పుడు ఉంది. ఒకప్పుడు అక్కడికి వెళ్ళాలని ఎంతో అనుకున్నాను. ఇప్పుడూ ఆ పని గొప్పదే అంటాను, ఎందుకంటే ఇచ్చేవాళ్ళు తలుపు తీసుకుని తామే లోపలికి వెళ్తారు. కానీ ఒకసారి ఇచ్చాక ఆ గుండె ఊరుకోలేదు.

లారీ ఆండర్సన్ 1978లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో పెట్టిన బల్ల నాకు వీటన్నిటికన్నా ఇష్టం. దాని పేరు ‘హ్యాండ్‌ఫోన్ టేబుల్’. చూడ్డానికి మామూలు చెక్క బల్ల, చప్పుడేమీ ఉండదు. కూర్చుని, బల్ల మీద గుర్తున్న చోట మోచేతులు ఆనించి, అరచేతులతో చెవులు మూసుకుంటే సంగీతం వినిపిస్తుంది. బల్లలో దాచిన శబ్దం మోచేతి ఎముకల్లోంచి పాకి చెవుల్లోకి వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్ళకి ఏమీ వినిపించదు. వాళ్ళకి కనిపించేది తల పట్టుకుని కూర్చున్న మనిషి. ఆండర్సన్‌కి ఈ ఊహ వచ్చింది కూడా అలాగేనట. రాత సాగక విసిగి ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ ముందు తల పట్టుకుని కూర్చుంటే దాని హోరు చేతుల్లోంచి వినిపించిందట. బయటికి దుఃఖంలా కనిపించేదానిలో లోపల ఏముందో ఆ మనిషికే తెలుస్తుంది. చేతులు తీసేస్తే ఆగిపోతుంది. స్కానింగ్ గదికి అచ్చంగా ఎదురు.

పౌలీన్ ఓలివెరోస్ యంత్రం కూడా అక్కర్లేదంది. 1971లో ఆమె రాసిన ‘సోనిక్ మెడిటేషన్స్’ స్వరాలతో కాదు, మాటల్లో రాసిన సూచనలు. ఆడవాళ్ళ బృందంతో కలిసి చేస్తూ రాసింది, వాళ్ళకి కూడా అంకితమిచ్చింది. సంగీతం రావాల్సిన పనిలేదు. మొదటిదానిలో చెయ్యవలసింది ఇంతే: చుట్టూ కూర్చుని ఎవరి ఊపిరి వాళ్ళు గమనించాలి, ఆ ఊపిరి మెల్లగా దానంతటదే చప్పుడయ్యేదాకా చూడాలి. నేనూ మరి నలుగురు స్నేహితురాళ్ళూ పోయిన వర్షాకాలంలో మా డాబా మీద చేశాం. మొదట అందరికీ నవ్వొచ్చింది. కింద అద్దెకున్నావిడ మెట్లెక్కి వచ్చి, “ఏం నోము మేడమ్?” అని అడిగి ఒక మూల కూర్చుంది. పావుగంటకి ఒకరి గొంతులోంచి సన్నటి జీర, ఇంకొకరి నుంచి ఈల లాంటిది. నాలోంచి వచ్చింది మాత్రం ‘సువ్వి’కి దగ్గరగా ఉంది. థీసిస్ నేర్పిందో నిజంగా వచ్చిందో చెప్పలేను. నా సంగీతం స్నేహితురాలు చివరిదాకా ఒక్క చప్పుడూ చెయ్యలేదు. “రాలేదే, ఏం చెయ్యను, గురువుగారు గుర్తొస్తున్నారు” అంది. రాకపోతే ఫరవాలేదు, అందులో అదీ భాగమే అని చెప్పాం. మంచినీళ్ళు తాగి అందరం కాసేపు ఊరికే కూర్చున్నాం.

ఆ ఎనిమిదో వారం రికార్డింగు నా సహచరుడి ఫోన్‌లోంచి నాకు పంపించుకున్నాను. పదకొండు సెకన్లు. మొదట అత్తయ్య మాట, తర్వాత చప్పుడు, చివర్లో డాక్టరు గొంతు. చాలాకాలం దాన్ని తెరవలేదు. తెరిస్తే వినిపించేది ఎవరిదని అనుకోవాలో నాకు తెలియలేదు. నా గుండె కాదు. యంత్రం లెక్కవేసిన తేడా. అంతకుమించి ఏదో కూడా.

డాబా మీద కూర్చున్న మర్నాడు పొద్దున అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని విన్నాను. సౌండు తక్కువే పెట్టుకున్నాను. ఏడో సెకను దగ్గర ఆపి, కాసేపటికి మళ్ళీ మొదట్నించి పెట్టుకున్నాను.